తెగేదాకా

కయానీలో ఫిబ్రవరి. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంది.
బయట మైనస్ ఇరవై ఆరు.
అదీ చాలదు మా తమ్ముడికి.

చేప పొట్ట చీరేటప్పటి శ్రద్ధతో
టోర్స్తి బోర్డు మీద సందుసందుకీ వాజలీన్ పూశాడు,
చుట్టూ వంటింటి కాగితపు తువ్వాళ్ళు కుక్కాడు.
చెమ్మ చేరితే అంతే సంగతులట.
ప్రాసెసర్ నెత్తిన రాగి గిన్నె.
నా పని పోయడం.
ఫ్లాస్కులో నైట్రోజన్ నీళ్ళలాగే ఉంటుంది,
గిన్నెని తాకిందో
కాలిన పెనం మీద చుక్కలా చిందులేస్తుంది.
అంత చల్లనిదానికి మన రాగి నిప్పే మరి.

నాలుగు చిప్పులు కొన్నాడు. ఒకే అచ్చు, ఒకే ధర.
ఒకటి ఆరు గిగాహెర్ట్జ్ దాటగానే చతికిలబడింది.
ఇంకోటి అసలు పిలిస్తే పలకలేదు.
మూడోదాన్ని వాడే చంపాడు, వోల్టేజీ ఒక పిసరు ఎక్కువై.
"ఎవరెంత పరిగెత్తాలో ఇసకలోనే రాసుంటుంది" అంటాడు.
పెట్టె మీద రాసింది నేను చదువుతాను:
ఐదు పాయింట్ రెండు.
చాలదా, ఎవరికైనా?

నాన్న కాగితం మిల్లులో మిషను నడిపేవాడు.
నిమిషానికి వెయ్యి మీటర్లని పలక మీద ఉంటే,
రాత్రి షిఫ్టులో, ఇంజనీరు కునుకు తీశాక,
వెయ్యి ముప్పై. వెయ్యి నలభై.
తడి కాగితం ఎక్కడ వణుకుతోందో చెవికి తెలిసేదట.
తెగిన రాత్రి
చొక్కా నిండా తెల్ల పీచుతో ఇంటికొచ్చి
బూట్లు విప్పుతూ ఒక అంకె గొణిగేవాడు.
అమ్మ అడిగేది కాదు.
మిల్లు మూసేశారు. ఆ ఆవరణలో ఇప్పుడో మహా కంప్యూటరు,
దాని వేడితో ఊళ్ళో ఇళ్ళు వెచ్చబడతాయి.

"పొయ్యి" అంటాడు. పోస్తాను.
మైనస్ తొంభై. ఆరున్నర.
మైనస్ నూట ఇరవై. ఆరు తొమ్మిది.
ఏడు.
వాడి మెడ మీద నరం నాకు కనిపిస్తోంది.
ఏడు పాయింట్ సున్నా ఎనిమిది. ఫొటో తీశాడు.
"ఇంకొంచెం."
నా చేతితొడుగు కర్రలా బిగుసుకుంది.
మైనస్ నూట ముప్పై ఎనిమిది,
తెర నల్లబడింది.

కాలలేదు. మసి వాసన లేదు.
దానికి చలేసింది, అంతే.
ఇన్నాళ్ళూ ముందున్న గోడ ఒక్కటే చూశాం,
వేడి వైపుది.
వెనక్కి నడిచీ నడిచీ
ఇదిగో, వీపుకి ఇంకోటి తగిలింది.

టోర్స్తి తిట్టలేదు. నా హెయిర్ డ్రయ్యర్ అడిగాడు.
తలంటుకున్న పసిదానికి పట్టినట్టు
గిన్నె అంచున దూరంగా పట్టాడు.
మైనస్ నూట ఇరవై రెండు దగ్గర
అది కళ్ళు తెరిచింది, ఏమీ ఎరగనట్టు.

తెగేదాకా లాగొద్దంటారు.
ఎంతవరకు లాగొచ్చో మాత్రం
తెగినవాటినే అడగాలి.

తడి తువ్వాళ్ళు నేను పీకుతుంటే
వాడు పెన్సిల్‌తో గోడ మీద 7.08 వేశాడు.
దాని పైన, అల్మరా జరిపితే గానీ కనబడని చోట,
వాడిది కాని దస్తూరీలో
1064.