నిలువు గాటు

కువైట్. ఫర్వానియా ఆసుపత్రిలో మూడో అంతస్తు.
ఏసీ చలికి శాలువా కప్పుకుని
బతుకుల్ని మెట్లుమెట్లుగా దించుతుంటాను తెర మీద.
ఒకరు పోతే ఒక మెట్టు.

ముప్పై నెలల లెక్కతో
పదేళ్ల తర్వాత ఎందరుంటారో చెప్పమంటారు.
చెబుతాను. గీత సాగుతుంది,
తెలిసినచోట నలుపు, తెలియనిచోట చుక్కలు.

నలభై ఒకటో నంబరు మెట్టు దిగలేదు.
అకామా అయిపోయింది, విమానం ఎక్కించారు.
మూడుసార్లు ఫోను చేశాం, ఎత్తలేదు.
ఆమెకు నేను పెట్టింది చిన్న నిలువు గాటు:
ఇక్కడిదాకా బతికే ఉంది, ఆపైన మాకు తెలీదు.

పేరు నాకు తెలియకూడదు.
కానీ లిఫ్టులో ఒకసారి అడిగింది, రాజంపేట యాసలో,
"మాత్రలు అయిపోతే ఎట్లక్కా, ఆడ దొరుకుతాయా?"

సాయంత్రం దుమ్ము గాలి. ఎదురు మేడ కనబడదు.
ఉందనే
రాసుకున్నాను.