రాహువుకు ఓవర్‌టైమ్

కోవెంట్రీ దహనవాటికలో మీట నొక్కే ఉద్యోగం నాది.
కాటికాపరిననే చెప్పుకుంటాను.
గ్లెనిస్ మాత్రం తలుపు మీద టెక్నీషియన్ అని రాయించింది.

శుక్రవారం పొద్దున్నే ఫోను.
"పన్నెండుంబావు వద్దండీ, రాహుకాలం.
ఒంటిగంట దాటాక ఇప్పించండి."
జూన్ నెల. ఇక్కడ పగలే పదహారు గంటల పైచిలుకు.
అందులో ఎనిమిదో వంతు రాహువుది కదా,
ఆయన వాటా రెండు గంటలు దాటింది.
డిసెంబర్లో అయితే గంటలోపే
చలికి ముడుచుకు పడుకుంటాడు.
నవ్వొచ్చింది. నవ్వలేదు.
ఒంటిగంటన్నర పోలిష్ వాళ్లది,
బతిమాలి ముందుకు జరిపాను.
ఎందుకని అడిగాడు వాళ్ల ఫాదర్.
"ఆకాశంలో పాము అడ్డమొచ్చింది" అన్నాను.
తలూపాడు.
పాముల సంగతి ఆయనకీ తెలుసు.

నేను కడుపులో ఉండగా సూర్యగ్రహణం పట్టింది.
నాన్న తెనాలి బస్టాండు ముందు బల్ల వేసి
నలుగురూ చూస్తుండగా
అమ్మ చేత దోసకాయ కోయించాడు.
"మొర్రితో పుడుతుంది, చూస్కోండి" అని
నాయనమ్మ ఏడ్చిందట.
నా పెదవి నిండుగానే ఉంది.
అయినా ఆవిడ పోయేదాకా
నేను కనబడ్డప్పుడల్లా
వేలితో నా పై పెదవి తడిమేది,
ఇంకా రాలేదా అన్నట్టు.
నాన్న బల్ల మీద రుజువైపోయింది ఎప్పుడో.
ఆ వేలికి కబురందలేదు.

అందుకే నేను దేవుడి గురించి వాదించను.
చేతులు చూస్తూ కూచుంటాను.

ఒంటిగంటన్నరకి వచ్చింది వరహాలమ్మ గారు.
కొడుకులిద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు,
పెట్రోలు బంకులో వాటా తగాదా.
"ఇద్దరూ పెట్టె మీద చెయ్యి వెయ్యండి" అన్నాడు పంతులు.
వేశారు.
చిన్నాడి చిటికెనవేలు పెద్దాడికి తగిలింది.
తియ్యలేదు.
తొమ్మిదేళ్లలో లాయర్లు చెయ్యలేని పని.

"ఆడపిల్ల బయటే ఉండాలమ్మా."
అదీ ఆ నోరే.
ఆరేళ్లు తల్లికి స్నానం చేయించిన సుభాషిణి
కార్ పార్కులో, ఎవరిదో కారుకి ఆనుకుని నిలబడింది.
లోపల మీట దగ్గరున్నది ఆడదేనని
ఒక్కరికీ తట్టలేదు.
యూనిఫాంకి మైల ఉండదేమో.

స్టాఫ్ తలుపు తీసి పిలిచాను.
చిన్న కిటికీ ముందు నిలబెట్టాను.
"నాకేమన్నా అవుతుందా అక్కా?"
"వేడి తగుల్తుంది. కొంచెం వెనక్కి రా."
రాలేదు.

ఇలా చెప్తే నాన్న పార్టీ గెలిచినట్టుంటుంది.
మంగళవారం సంగతి కూడా చెప్పాలి మరి.
ఎడ్విన్ ప్లమ్‌ట్రీ, రిటైరైన లెక్కల మాస్టారు.
ప్రార్థన వద్దు, పాట వద్దు, పూలు వద్దని రాసిపోయాడు.
పదకొండు మంది వచ్చారు.
ఎవరి చేతులు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి.
ఒకాయన కోటు జిప్పు పైకీ కిందకీ, పైకీ కిందకీ.
ఒకావిడ ఖాళీ కవరు మడుస్తూ మడుస్తూ
తపాలా బిళ్లంత చేసింది.
ఇరవై నిమిషాల టైముంటే ఆరుకే వెళ్లిపోయారు.
నాకు సిగ్గేసింది, మా ఇంట్లో జరిగినట్టు.
అబద్ధం ఊడబెరికినప్పుడు
దాన్ని పట్టుకున్న చేతికి
ఇంకేదో అందించాలని మనకెందుకు తోచలేదో.

సాయంత్రం బూడిద మీద అయస్కాంతం తిప్పుతాను.
మేకులొస్తాయి. తుంటికీలు చేత్తో తీస్తాను.
ప్లమ్‌ట్రీకీ ఉంది, వరహాలమ్మకీ ఉంది,
ఒకే కంపెనీ.

ఈమధ్య గ్లెనిస్ డైరీలో
పెన్సిల్‌తో చిన్న పాము బొమ్మ వేస్తోంది,
ఏ రోజు ఏ టైముకో లెక్కగట్టి.
బుకింగుల కోసమే అంది.
నిన్న లాటరీ టికెట్టు కొనడానికి
ఆ టైము దాటేదాకా ఆగిందట.
"ఊరికే, ఎందుకైనా మంచిదని."

రేపు డబ్బాలో దోసకాయ ముక్కలు తేవాలి.