క్లారినెట్ పెట్టెల రొట్టె

నా క్లారినెట్ పెట్టె తెరిస్తె
ఎర్ర మఖ్మల్ గుంతలల్ల ఐదు ముక్కల నల్ల కర్ర,
రీడ్ల డబ్బా, తుడిచే గుడ్డ,
ఓ మూలకు, ధోతీ పేలికల చుట్టిన రెండు జొన్నరొట్టెలు.
పిల్లలు నవ్వుతరు: కాకా, బాజా తింటవా?

దెగ్లూర్‌ల మా బ్యాండు మోగంది పెండ్లికొడుకు గుర్రమెక్కడు.
ఇరవై ఆరు సీజన్లు ఊదిన.
ఊదిన ప్రతి పెండ్లిల ఆఖరి పంక్తి మాది,
చల్లారిన పూరీలు, అడుగంటిన శిరా.
తిన్న. తిని ఇంటికొచ్చి గోడకు ఆనుకొని కూసున్న
తెల్లారేదాక.
కడుపు డోలు. ఒళ్ళు పుల్ల.
దమ్ము చాలక పై 'సా' కాడనే స్వరం తెగేది.
సారా తాగుతున్ననని అనుకునేటోడు మా మాస్టర్ దత్తోబ.

నాందేడ్ డాక్టరమ్మ కాయితం మడిచి
ఒక్క మాట చెప్పింది: గోధుమ.
గోధుమ, మైదా, రవ్వ. బతుకున్నంత కాలం.
మరి పెండ్లిళ్ళు? అని అడిగిన.
ఆమె అద్దాలు తీసి నా దిక్కు చూసింది.
"ఎవ్వల పెండ్లి?"

అప్పటి సంది ముసలితనంల కొత్త పాఠాలు.
బూందీ శనగపిండిదే, మంచిదే గని
పూరీలు గోలిన నూనెల మునిగిందా అని అడగాలె.
పప్పుల పడ్డ ఇంగువ ఏ డబ్బాదో అడగాలె.
ఇంగువల సుత గోధుమపిండి దాక్కుంటదని
ఇన్నేండ్లు నాకెవ్వలు చెప్పిండ్రు?
అడిగితె వంటోడు గంటె లేపుతడు.
అడగకపోతె రాత్రి గోడ పిలుస్తది.

ఒక్క ముక్క తింటె చస్తవా
అనే మేనమామ ప్రతి పెండ్లిల ఒకడుంటడు.
చావను మామా.
రేపు హాణేగావ్‌ల ఊదలేను, గంతే.

మొదట్ల సిగ్గు.
ట్రాక్టరు ఎనుక, దొంగ లెక్క తిన్న.
పంక్తిల నవ్వులు వినొచ్చేవి.
రొట్టె కన్న ఆ నవ్వులే నమలరాకపోయేది.

మొన్న కరడ్‌ఖేడ్‌ల గిర్మాజీ బిడ్డ పెండ్లి.
పిల్ల తల్లి అనసూయబాయి నన్ను ఎతుక్కుంట వచ్చి
"మా అన్నం ముట్టవా సాయిలన్నా, ఏం తప్పైంది?" అని
కొంగు నోట్ల పెట్టుకున్నది.
పెట్టె తెరిచి చూపిన.
రొట్టెను ఇటు తిప్పి అటు తిప్పి
అంచు విరిచి చూసి
"పొద్దుటిది. ఎండిపోయింది" అన్నది.
మూడు వందల మందిని ఆడనే ఇడిచి
ఎనుక దొడ్లకు పోయింది.
పెంక కడిగింది. మళ్ళొక్కసారి కడిగింది.
టప టప టప, పిండి మీద అరచెయ్యి.
మా సైడ్ డ్రమ్ గంగారాం చెవి నిక్కించిండు:
ఇదేం తాళమే?

పంక్తిల కూసున్న. నడుమల.
ఇటు పూరీ, అటు పూరీ,
నా ఆకుల పొగలు కక్కే రొట్టె, పచ్చిమిర్చి ఠేచా, గడ్డపెరుగు.
ఎదురుంగ పెండ్లికొడుకు తాత,
పండ్లు లేని నోటితోని
"రొట్టె ఏడ పెడుతుండ్రు, నాకెవ్వడు చెప్పడేంది" అని తిట్టుడు వెట్టిండు.
సగం తుంచి ఇచ్చిన.
మజ్జిగల నానవెట్టుకొని తన లగ్గం ముచ్చట తీసిండు.
కరువేడంట. జొన్నగట్క, బెల్లపు ముక్క.
ఊరంత తిన్నదంట, అలిగినోడు ఒక్కడు లేడంట.
సగం అబద్ధమే కావచ్చు.
విన్న. పంక్తి లేచేదాక విన్న.

అప్పగింతలప్పుడు పై 'సా' మీద నిలవడ్డ.
పెండ్లి జీపు లెండి వాగు మలుపు దిగేదాక ఇడవలే.
దత్తోబ దగ్గరకొచ్చి నా నోరు వాసన చూసిండు.

అన్ని ఊర్లల్ల అనసూయబాయి ఉండది.
ఇప్పటికీ కొన్ని పెండ్లిళ్ళకు ట్రాక్టరు ఎనుకనే నా పంక్తి.
జిలేబి వాసనొస్తె నోరూరుతది, అబద్ధమెందుకు.
ఊరితె ఊరనీ,
రీడు తడుస్తది.