గుంతలోంచి చూస్తే

మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చుంటే
నా కళ్ళు మా బరంపురం వీధికి సమానం.
కిటికీలో మనుషులు మోకాళ్ళ దాకానే.
చెప్పుల్ని బట్టి పోల్చుకుంటాను:
పాలవాడు, చీటీల పద్మనాభం,
మడమలు పగిలిన మా తోటికోడలు.

ఫాల్గుణం చివర ఒక పొద్దు
కాలవ అంచున, రంగునీళ్ళు ఆరిన బురద మీద
రెండు సన్నటి కాళ్ళు గబగబా నడిచాయి.
చెప్పుల్లేవు.

పిచికంతే ఉంటుంది.
వెనకనుంచి ఏం లేదు, కాలవగట్టే
లేచి నడుస్తున్నట్టుంది.
ఇటు తిరిగింది.
నా చేతిలో నాడె ఆగిపోయింది.

గొంతు నిండా నీలం.
నీలం నడుమ ఇటుకరంగు బొట్టు.
కింద నల్లగీత, పోగంత తెల్లగీత,
మళ్ళీ ఇటుకరంగు పట్టీ.
ఆరేళ్ళుగా కుంభం అంచు నేస్తున్నాను,
బొటనవేలంత చోటులో ఇన్ని రంగుల్ని
ఒకదాన్లోకి ఒకటి కారకుండా నిలబెట్టడం
నాకు చేతకాదు.

తోక ఎగరేసింది. మొదట్లో రెండు నిప్పుతునకలు.
తూటాకు తుప్పల్లో దూరిపోయింది.

పాఢీ సారు కాలేజీలో పాఠాలు చెబుతాడు.
ఆదివారాలు మెడలో దుర్భిణీ వేలాడేసుకుని
టంపరా వైపు పోతాడు.
ఊరి నడుమ, రంగుల కాలవలోనా అని
నవ్వలేదు, అదీ ఆయన మంచితనం.
మూడు పొద్దులు వచ్చాడు.
అరుగు మీద నిలబడ్డాడు, మిద్దె ఎక్కాడు.
కాకులు. గోరింకలు. ఒక పంది.
పిట్ట రాక కాదు,
రెండుసార్లు ఆయన బూట్ల ముందునుంచే పోయింది.
నేను లోపల్నుంచి చూస్తూనే ఉన్నాను.
ఎత్తున ఉన్నవాడికి అది మట్టి.

నాలుగోనాడు అన్నాను,
సారూ, అది అక్కడ పెట్టి గుంతలోకి దిగండి.
బయటివాళ్ళు మా మగ్గంలో కూర్చోరు.
అత్త గొణిగింది.
ఆయన బూట్లు విప్పాడు, పంట్లాం మడిచాడు,
తొక్కుడుచెక్కలకి తగలకుండా
పాదాలు ఓరగా పెట్టుకున్నాడు.
కూర్మయ్య సూరత్ పోయాక
ఆ గుంతలో మగకాళ్ళు పడ్డం అదే.

చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత పాడింది.
ముందు పిచిక కూత, ఆపైన ఉడత,
ఎక్కడిదో ఒక గిరక కిర్రు,
అన్నీ తలా కాస్త అరువు, మధ్యలో తనదేదో.
మా వీధి మాటే అది.
తెలుగులో మొదలెట్టి, ఒడియాలో తిట్టి,
మళ్ళీ తెలుగులో నవ్వడం.

సారు కదల్లేదు.
మీ తెలుగులో దీన్నేమంటారు, అన్నాడు చివరికి.
ఏమీ అనం సారూ, ఇన్నాళ్ళూ చూళ్ళేదు కదా.
ఆయన చెప్పిన ఇంగ్లీషు పేరు నాకు నిలవలేదు.
సైబీరియా అన్నాడు, మంచుకొండలు దాటాలన్నాడు,
పదహారు గ్రాములన్నాడు.
పదహారు గ్రాములు నాకు తెలుసు.
రెండు కండెల పట్టు.

ఠాకురాణి యాత్రకని మొన్న కాలవలు తీశారు.
జేసీబీ వచ్చింది, తూటాకంతా లారీలో పోయింది.
పిట్ట అంతకు ముందే వెళ్ళి ఉంటుందని సారు అంటాడు,
వాటికీ తిథులుంటాయట.
ఉంటాయేమో.

నీలం మూడుసార్లు అద్దాను.
మొదటిది నల్లబడింది.
రెండోది స్కూలు గౌనులా వచ్చింది.
మూడోది నీడలో అదే, ఎండలో కాదు.
దాన్నే ఎక్కించాను అంచుకి, ఇటుకరంగు పక్కన.

రాత్రి కూర్మయ్య ఫోను.
వెనక మిల్లు హోరు.
అక్కడ గుంతలుండవు, నిలబడే నేస్తారు,
పన్నెండు గంటలు, నాలుగు మగ్గాల నడుమ.
నిలబడితే నీకేం కనబడతాది
అని అడగబోయి,
ఇయాల కూరేటి, అన్నాను.