కర్త లేని వాక్యం

కుపాంగ్‌లో రాత్రి పదకొండు దాటింది.
ప్రెస్సులోకి రేవు గాలి, ఎండుచేపల వాసన.
మార్సెలినా తనేయో మొదటి పేజీలో
ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

దియమాన్‌కన్.

అమాన్ అంటే క్షేమం.
ముందో ముక్క, వెనకో ముక్క అతికిస్తే
క్షేమంగా ఉంచబడ్డాడు అని.
ఎవరు ఉంచారో చెప్పక్కర్లేదు.
పోలీసులు మనిషిని జీపెక్కించిన ప్రతిసారీ
పదిహేడేళ్లుగా తనే దిద్ది పెట్టిన మాట.
కోళ్ల దొంగ, తాగి తూలినవాడు,
గని దారికి అడ్డం కూర్చున్న ముసలమ్మ,
ఆమె చేతిమీదుగా అందరూ క్షేమమే.

నవ్వకండి, ఈ విద్య మనకీ వచ్చు.
మన పేపర్లలో ఎవరూ కాల్చరు.
కాల్పులు జరుగుతాయి,
వాన కురిసినట్టు.
కర్త మెల్లగా తప్పుకుంటాడు.
కర్మ మిగులుతుంది.

ఇవాళ జీపెక్కింది మెల్కి.
మాంగనీసు గోతుల్లో పడిన పిల్లల పేర్లు
రాసుకురావడానికి వెళ్లిన మెల్కి నబువాసా,
ఆమెకు ఇంకా రెండు కాఫీలు బాకీ ఉన్నవాడు.

ఎడిటర్ గోత్లిఫ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
చెడ్డవాడు కాదు.
చేతిలో జిల్లా ఆఫీసువారి శుభాకాంక్షలు,
నిండు పేజీ, రంగుల్లో, చుట్టూ పూలదండ.
అంటే ముగ్గురి జీతం. రెండు రీళ్ల కాగితం.
"రాయి. కాస్త మెత్తగా రాయి" అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది.
కొండ మీంచి మెల్కి వాళ్లమ్మ.
ఆమెకు పేపరు భాష నాలుగు ముక్కలే.
మార్సెలినా దావన్‌లోకి దిగింది,
చిన్నప్పుడు తిట్లు తిన్న భాషలోకి.
దియమాన్‌కన్‌కి అక్కడ మాట వెతికింది.
తనకు తెలిసినంతలో దొరకలేదు.

"ఎవరు పట్టుకెళ్లారు?"
"పోలీసులమ్మా."
"పోలీసులంటే? పేరు లేదా?
వాడెవరి కొడుకు?"

ఫోను పెట్టేశాక చాలాసేపు
తెర మీద గీత వెలిగి ఆరుతూనే ఉంది.
తర్వాత ఆ మాట కొట్టేసి
స్టేషన్ పేరు, ఇన్‌స్పెక్టర్ పేరు,
ఇంటిపేరుతో సహా పెట్టింది.
వాక్యం పొడుగైంది, కాలమ్‌లో పట్టలేదు.
కింది ప్రకటనలో పూలదండ
అర అంగుళం కత్తిరించింది.

గోత్లిఫ్ వెనకనుంచి చదివాడు.
ఒకసారి. మళ్లీ ఒకసారి.
ఏమీ అనలేదు.
గోడకున్న టార్చిలైటు తీసుకుని
మిగిలిన రీళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టడానికి
మెట్లు దిగాడు.