ముందర నాలుగడుగులు

రామమూర్తినగర్‌లో ఈ ఇంట్లో దిగినప్పుడు
గోడకీ గుమ్మానికీ మధ్య నాలుగడుగుల జాగాలో
సిమెంటు పెచ్చులు, అంచు పగిలిన కమోడొకటి,
ఎవరిదో ఒంటి చెప్పు.

'ఇక్కడ జాకెట్లు కుట్టబడును'
నా బోర్డు వాటి వెనక నిలబడి సిగ్గుపడేది.
గేటు దాకా వచ్చినవాళ్లు ఇల్లు చూసి
పట్టుగుడ్డ సంచిలోకి తోసుకుని తిరిగిపోయేవాళ్లు.
వాళ్లనేం అనను.
ఆ గేటు చూసి నేనైనా ఇవ్వను.

టేపు తీశాను. నాకొచ్చిన కొలతలే:
గోడ పద్దెనిమిది, అది ఛాతీ.
గేటు పక్కన వంపు, చంక.
పైపు మలుపు దగ్గర కాస్త వదులు,
ఎదిగే పిల్లల గౌనుకి
లోపల మడిచి వదులుతామే, అట్లా.

నర్సరీలో మునెమ్మ అడిగింది
"ఎండ ఎంతసేపు పడతాదక్కా?"
ఏమో! ఎప్పుడూ చూడలేదు.
రెండురోజులు మిషను మీంచి తలెత్తి చూశాను.
పదింటికొస్తుంది.
పన్నెండున్నరకి ఎదురింటి నీళ్లట్యాంకు వెనక్కి పోతుంది.

రెండున్నర గంటల ఎండకి సరిపోయేవే తెచ్చాను.
గోడవార కనకాంబరాలు,
గేటు మీదికి రాధామనోహరం,
నడిచే దారికి అటూ ఇటూ
అయిపోయిన దారపుకండెలు తలకిందులుగా గుచ్చాను,
ఎరుపూ పసుపూ ఊదా, ఏ పెళ్లికి కుట్టినవో.
గేటుకి నెమలికంఠం రంగు.
కమోడు మాత్రం కదల్లేదు,
ఇద్దరు మనుషులు, ఒక గడ్డపార పట్టినా.
సరేనని మట్టి నింపి వామాకు పెట్టాను.
ట్యాంకరు రాని రోజుల్లో
బియ్యం కడుగునీళ్లతో బతికాయన్నీ.

రాధామనోహరం పందిరి ఎక్కిన నెలలో
ఫోన్లో ఎవరో డెలివరీ కుర్రాడు
"పూలిల్లు దాటి ఎడమకి" అంటుంటే విన్నాను.
ఆ మధ్యాహ్నం రెండు చేతులూ తప్పు కుట్టి
మళ్లీ విప్పాను.

లోపల స్నానాలగది గోడ చెమ్మ పట్టి
వారానికో కొత్త దేశం పటం గీస్తోంది.
పైన పటారం లోన లొటారం
అని అమ్మ ఎవరినో తిట్టేది.
అది ఇప్పుడు నా చిరునామా.

ఓనరు నంజుండప్పగారు వచ్చి
రోడ్డుకి అవతల నిలబడ్డారు.
సొంత ఇంటిని పెళ్లిచూపులు చూసినట్టు
తల అటు వంచి ఇటు వంచి, ఫోటో తీసుకుని,
"చానా చెన్నాగి ఉందమ్మా" అన్నారు.
"వచ్చే నెల నుంచి ఇంకో రెండువేలు.
ఇట్లాంటి ముంగిలికి ఇప్పుడు అంతుంది."

పోతూ పోతూ కమోడులోంచి
గుప్పెడు వామాకు తుంచుకున్నారు,
సాయంత్రం బజ్జీలకట.
నేను చెప్పలేదు.

రెండువేలంటే
లైనింగు వేసిన జాకెట్లు నాలుగు.
రాత్రి కరెంటు పోయాక లేచి
ఒక్కో కనకాంబరాన్నీ వేళ్ల మట్టితో సహా తవ్వి
పెయింటు బక్కెట్లలోకి మార్చి
గేటు బయట, మోరీ పలకల మీద వరుసగా పెట్టాను.
అది ఆయనది కాదు. నాదీ కాదు.
కార్పొరేషను వాళ్లొస్తే అప్పుడు చూద్దాం.

పొద్దున వచ్చి ఆయన లోపల చూస్తే
కొలతలకి సరిపోయే ఖాళీ మట్టి,
కండెలు, కమోడు.
రాధామనోహరం మాత్రం వేరు లోపలే ఉంచి
పూలన్నీ వీధిలోకి వేసుకుంది.
దాన్ని నేను మార్చలేదు.