శుక్రవారం చెప్పులు

ఐదు నెలల తర్వాత
ఇవాళ తెల్లారి ఏసీ ఆపాను.
చెవిలోంచి ఏదో ఊడిపడ్డట్టు నిశ్శబ్దం.
పై అంతస్తులో మిసిరీ ఆమె వెల్లుల్లి దంచే చప్పుడు
ఇన్నాళ్లూ ఉండేదేనేమో,
ఇప్పుడే వినబడింది.

ఎండ తగ్గిందని
మంగఫ్ మంగఫంతా చెప్పులేసుకుంది.
నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.
ఎండాకాలం నాకు అయినవాళ్లలో ఒకటి.
"యాభై డిగ్రీలు, ఎక్కడికి రాను?" అంటే
ఎవరూ మారు మాట్లాడరు.
ఇక ఏం సాకు చెప్పను?

నా కుట్టుమిషను, నా కిటికీ,
మిషను ఊగకుండా కాలి కింద మడిచిన అట్టముక్క,
చేతులు అతకాల్సిన పదకొండు జాకెట్లు.
నేను బయటికెళ్తే ఇవన్నీ
మొహం తిప్పుకుంటాయి.
"నిన్ను విమానంలో తెచ్చింది
ఈ రెండు గదులు చూపించడానికా?" అంటాడు ఓబులేసు.
అవును. బాగున్నాయి కదా.

అంతలో రెడ్డెమ్మక్క ఫోను:
"వచ్చే శుక్రవారం సముద్రం కాడికి పోదాం పాప.
మజ్జాన్నం నుంచి నాకు సెలవు."
ఊ అన్నాను.
ఊ అన్నాక వారమంతా తయారవడమే.

మంచం కింది పెట్టె లాగి
కలరా ఉండల వాసనలో స్వెట్టరు వెతికాను.
అక్టోబరులో స్వెట్టరెందుకని అడక్కండి.
ఇల్లు కదలని వాళ్లు
ఒక పూట షికారుకి మూడు కాలాల బట్టలు సర్దుతారు.
చాప, ఫ్లాస్కు, బొరుగులు, తలనొప్పి మాత్రలు.
తాళంచెవి. అది పోతే ఉంటుందని ఇంకో తాళంచెవి.
గుమ్మం దాకా వెళ్లి, స్టవ్వు చూసొచ్చి,
మళ్లీ వెళ్లి, మళ్లీ చూసొచ్చేసరికి
పొద్దు వాలింది.
"తలనొప్పిగా ఉందక్కా" అన్నాను ఫోనులో.
మాత్రలు సంచిలోనే ఉన్నాయి.

డిసెంబరులో ఒక్క వాన పడి
రోడ్లన్నీ నీళ్లు మింగలేక నిలబడిపోయిన వారం,
ఆమే వచ్చి తలుపు కొట్టింది.
స్వెట్టరుకి పని దొరికింది.

ఫహాహీల్ ఒడ్డున
నెత్తిన కొంగు బిగించి కూర్చున్నాం.
ఆమె చెప్పులు విప్పి, పక్కపక్కన పెట్టి,
సొంత అరుగు మీద చాపుకున్నట్టు
కాళ్లు చాపుకుంది.
"మేడం ఇంట్లో నా గది బట్టలుతికే మిషను పక్కనే పాప.
అది తిరిగినంతసేపూ గోడ అదురుతాది.
తలుపుకి గడియ లేదు.
ఇంట్లోనే కూర్చుంటావేమని
నిన్నైతే అడిగేవాళ్లుండారు."
నేను బొరుగులు నములుతున్నాను.
పంటి కింద ఇసుక.
చాలాసేపు ఆమె సముద్రాన్ని చూడలేదు,
పాదాలనే చూసుకుంది.

మార్చిలో దుమ్ము లేచింది.
ఎదురు బిల్డింగు కనపడటం మానేసింది.
మంచి సాకు. కాళ్ల దగ్గరికి వచ్చి పడ్డ సాకు.
అయినా శుక్రవారం పొద్దున్నే
నీలం చీర కట్టుకున్నాను,
ముక్కుకి గుడ్డ సర్దుకున్నాను,
బొరుగులు ఏరి పోపేశాను, ఈసారి ఇసుక లేకుండా.
స్టవ్వు ఒక్కసారే చూశాను.

రెండింటికి ఫోను.
"మేడమోళ్లు షాలేకి పోతాండారు పాప.
పదిమందికి వంటంట, నన్నూ రమ్మన్నారు.
సముద్రం పక్కనేనంట లే."
నవ్వింది. వెనకాల ఎవరో ఆమెను పిలిచారు.
పేరు పెట్టి కాదు.

కోరుకున్నదే కదా,
ఇల్లంతా నాది, పూటంతా నాది.
మిషను ముందు కూర్చున్నాను.
తొక్కబోతే పెడలు కొత్తగా తగిలింది.
చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

విప్పలేదు.
జాకెట్టుకి ఒక చెయ్యి అతికించాను.
రెండో చెయ్యి పట్టుకుని లేచి
స్టవ్వు చూసొచ్చాను.